కప్పుల మీద తెల్లపొర

“ఇందులో మజ్జిగ తాగి కడగడం మానేశారేటి, లేపోతే మీ మిషనే కడిగిందా?”

కళింగపట్నంలో స్వర్ణ నాతో అన్న మొదటి మాట అది. ఆమె చేతిలో బొటనవేలంత గాజుకప్పు, దాని నిండా తెల్లపొర. డిష్‌వాషర్లు బాగుచేయడంలో శ్రీకాకుళం మొత్తానికి ఈ బెన్హర్‌ని మించినవాడు లేడని నాకో నమ్మకం ఉండేది. అందులో సగం ఆ కప్పు చూసి పోయింది. మిగతా సగం ఆమె కళ్లు చూశాక పోయింది.

వాళ్ల నాన్న డేవిడ్‌రాజు గారు చర్చిలో సంఘపెద్ద. ప్రభురాత్రి భోజనానికి ద్రాక్షరసం పోసే నూట ఇరవై కప్పులూ వాళ్లింట్లోనే కడుగుతారు. సబ్బు పడక అమ్మ జ్ఞానసుందరి గారి చేతులు పగిలిపోతున్నాయని స్వర్ణే పట్టుబట్టి ఆ మిషన్ కొనిపించింది. ఇప్పుడు అందరిచేతా మాటలు పడుతోంది.

బోరునీళ్లలో ఉప్పెక్కువ, నేరం నీళ్లదేననుకున్నాను. దాన్ని విరిచే మిషన్ ఉప్పు నింపి, సెట్టింగ్ పెంచి వచ్చాను. వారానికే మళ్లీ ఫోను. ఈసారి పొర మీద నిమ్మరసం చుక్క వేశాను, నీళ్ల ఉప్పైతే కరగాలి, కరగలేదు. తడివేలితో రుద్దితే మాత్రం పిండిలా ఊడొచ్చింది. అంటే నీళ్ల తప్పు కాదు, ఏదో పొడి. మిషన్ సబ్బు తగ్గించాను. అయినా అదే వరస.

వెళ్లినప్పుడల్లా స్వర్ణ టీ ఇచ్చేది, దాంతోపాటు నాలుగు చురకలూ వేసేది. అవి తినడానికే బండి తీస్తున్నానని మూడోసారికి నాకు అర్థమైపోయింది. నాకీ అమ్మాయి కావాలి. అంతే.

ఆ మూడోసారి డేవిడ్‌రాజు గారు తేల్చి చెప్పేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లింట్లో సంఘం ముందే కడిగి చూపించాలట. “మచ్చ కనిపించిందంటే మిషనూ నువ్వూ ఇద్దరూ బస్సెక్కిపోండి. మళ్లీ నా గుమ్మం తొక్కొద్దు.”

దిగాలుగా పెరట్లో కుళాయి కట్టేయడానికి వెళ్లానా, అక్కడ జ్ఞానసుందరి గారు పీటేసుకుని ఒక్కో కప్పునీ తోముడు పొడితో రుద్దుతున్నారు. పైపైన కడిగి మిషన్ బుట్టలో పెడుతున్నారు. స్వర్ణ పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లాక, మిషన్ వేసే ముందు ప్రతిసారీ ఇదే పనట. ఆవిడ నన్ను చూసి బిక్కచచ్చిపోయారు.

“ఎంగిలి గిన్నెలు మిషన్‌కైనా ఎలాగెడతాం బాబూ, సిగ్గు కాదేటి? ఎవులికీ సెప్పకు.”

చెప్పనని మాటిచ్చాను.

ఆదివారం జోరుగా వాన. ద్రాక్షరసం మరకలతో ఉన్న కప్పుల్ని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా నేనే మిషన్‌లో సర్దాను. ముప్పావుగంట సేపు సంఘమంతా వసారాలో టీ తాగుతూ నా మొహమే చూసింది. తలుపు తీశాను. నూట ఇరవై కప్పులూ తళతళలాడిపోతున్నాయి. స్వర్ణ ఒక కప్పు కిటికీకేసి పట్టి చూసి, తర్వాత నన్ను చూసింది. ఈసారి చురక వేయలేదు.

మరి ఇన్నాళ్లూ ఏమైందని డేవిడ్‌రాజు గారు అడిగారు.

“పొరపాటు నాదేనండి. ఎలా వాడాలో సరిగ్గా చెప్పలేదు.”

“అయితే నీకు పనే రాదన్నమాట,” అన్నారాయన. స్వర్ణ తల దించేసుకుంది. నా పని అయిపోయిందనుకుని పనిముట్ల సంచీ అందుకున్నాను.

“ఆగు బాబూ,” అంటూ జ్ఞానసుందరి గారు లేచారు. “ముందుగా తోమేసి ఆ పొడంతా ఎక్కించింది నాను. ఆడికి తెలుసు. నలుగురిలో నా పరువు పోతాదని తప్పు తన మీదేసుకున్నాడు. ఆడు స్వర్ణ కోసమే వత్తన్నాడని నాకెప్పుడో తెలుసు. నాకే ఇంత మర్యాద ఇచ్చినోడు నా పిల్లనెలా సూసుకుంటాడో మీరే సెప్పండి.”

వసారా అంతా నవ్వులూ చప్పట్లూ. డేవిడ్‌రాజు గారు భార్య పగిలిన చేతులకేసి చూశారు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, మీవాళ్లనెప్పుడు తీసుకొస్తావని అడిగారు. వచ్చే ఆదివారమన్నాను.

వెనకనుంచి స్వర్ణ అంది: “రేపు సెలవెట్టలేరేటి?”