బంతాట

నేలమాళిగలోని ఆ గదిని చూస్తే ఎవరికీ భయం వెయ్యదు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక రబ్బరు బంతి, గోడకి పెద్ద అద్దం. ఫినాయిల్ వాసన, దాని వెనకే చెమ్మ పట్టిన సున్నం వాసన. అద్దం వెనక ఇరుకు గదిలో ఆమె కూర్చునేది. అటు నుంచి అది అద్దం, ఇటు నుంచి కిటికీ.

నలుగురి మధ్యా ఉండి కూడా లేనట్టే అయిపోతే మనిషి ఎంతసేపు ఓర్చుకుంటాడు? ఇదీ ఆమె పరిశోధన. పద్ధతి చాలా తేలిక. వచ్చినవాళ్లని ముగ్గురితో కలిపి కూర్చోబెట్టి బంతాట ఆడమనేది. ఆ ముగ్గురూ ఆమె ఏర్పాటు చేసిన నటులే. ఒకడు ఆమె బావ, మిగతా ఇద్దరూ అతని నాటకాల స్నేహితులు. కాసేపు బంతి అందరి చేతుల్లోనూ తిరిగేది. తర్వాత ముగ్గురూ ఒక్కసారిగా నాలుగో మనిషిని చూడ్డం, వినడం మానేసేవాళ్లు. అంతా అయ్యాక ఆమె లోపలికెళ్లి, "ఇదంతా నాటకమండీ, ఏమీ అనుకోకండి" అని నిజం చెప్పి పంపించాలి. అది నియమం. ఆ మాట వినగానే కొందరు నవ్వేసేవాళ్లు, కొందరు బావురుమనేవాళ్లు.

అంకెలు కళ్లపడితే చాలు, కాగితం ముట్టకుండానే గ్రాఫులో గీత ఎటు వంగుతుందో చెప్పేసే రకం ఆమె. అందుకే బావ "లెక్కలమ్మ" అని పేరు పెట్టాడు. నెలాఖరుకి ఫలితాలు తేలితే ఫెలోషిప్ నిలుస్తుంది, లేదంటే సామాను సర్దుకోవడమే అని గైడు తేల్చి చెప్పాడు.

ఒక వాన మధ్యాహ్నం పసుపు స్వెటర్ వేసుకుని ఒక పిల్ల వచ్చింది. డిగ్రీ చదువుతోంది. అందరూ కాసేపు ప్రయత్నించి ఊరుకుంటారు. ఈ పిల్ల ఊరుకోలేదు. ముందు నవ్వింది. తర్వాత చేతులు చాపింది. "ఇటు కూడా వెయ్యండి" అంది. బావ భుజం తట్టింది. అతను రెప్ప కూడా వెయ్యలేదు. చివరికి అద్దం దగ్గరికొచ్చి తన మొహం తానే తడుముకుంది.

"నేను కనిపిస్తున్నానా?" అంది మెల్లగా.

అద్దానికి ఇవతల, జానెడు దూరంలో, ఆమెకి ఒళ్లు పులకరించింది. ఇంత గొప్ప ఫలితం ఇంతవరకూ రాలేదు. ఆపాల్సిన సమయం దాటిపోయినా ఆపలేదు. చూద్దాం, ఎందాకా వెళ్తుందో.

ఆట ముగిశాక ముగ్గురూ ఎప్పటిలాగే నాలుగో కుర్చీ వైపు చూడకుండా వెళ్లిపోయారు. సరిగ్గా అప్పుడే గైడు పైనుంచి ఫోన్ చేశాడు. ఆమె ఎగురుకుంటూ మెట్లెక్కింది. తిరిగొచ్చేసరికి గది ఖాళీ. రేపు ఫోన్ చేసి చెబుదాంలే అనుకుంది. మర్నాడు గీతలు గీస్తూ ఆ సంగతే మర్చిపోయింది.

వారం తిరక్కుండా ఆ పిల్ల అన్నయ్య ఫోన్ చేశాడు.

"మీ దగ్గరికొచ్చి వెళ్లినప్పట్నుంచీ మా చెల్లి అదోలా అయిపోయిందమ్మా. 'అన్నయ్యా, నేను కనిపిస్తున్నానా' అని ఒకటే అడగడం. మొన్న రోడ్డు మధ్యలో బస్సుకి ఎదురుగా నిలబడిపోయిందట. చావాలని వచ్చినట్టు లేదన్నాడు డ్రైవరు. తను కనబడుతోందో లేదో చూసుకుంటున్నట్టు నిలబడిందట... నిన్ననే దహనం చేసొచ్చాం. అక్కడ ఏం జరిగిందమ్మా?"

మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే విచారణ. విచారణంటే పరిశోధనకి తాళం.

"ఏం జరగలేదండీ" అంది. "బంతాట ఆడుకున్నారు. బాగానే నవ్వింది."

బావకీ చెప్పలేదు. చెబితే మానేస్తాడు. ఆ పిల్ల తాలూకు అంకెని మాత్రం లెక్కలోంచి తీసెయ్యలేదు. అన్నిటికన్నా అందమైన అంకె అదే మరి.

తర్వాతి ఆట రోజున మళ్లీ వాన. సాయంత్రం కాకుండానే చీకటి కమ్మేసింది. రావలసిన కుర్రాడు ఇంకా రాలేదు. ఆమె అద్దం వెనక చేరేసరికి లోపల ముగ్గురూ ఆట మొదలుపెట్టేశారు.

బావ విసిరాడు. బంతి ఖాళీ కుర్చీ వైపు వెళ్లింది. గోడకి తగిలిన చప్పుడు లేదు. నేల మీద పడిన చప్పుడూ లేదు.

తిరిగొచ్చింది.

మళ్లీ వెళ్లింది. మళ్లీ వచ్చింది. నెమ్మదిగా... ఎవరో చేత్తో వేసినట్టు.

ఆమె తలుపు తోసుకుని లోపలికెళ్లింది. తడిసిన ఉన్ని వాసన గుప్పుమంది.

"బావా, ఏంటీ వేషాలు?"

"వేషాలెయ్యడానికేగా పిలిచింది" అన్నాడు బావ. "ఈ అమ్మాయిని కూడా మనలో కలుపుకున్నావని ఒక్క మాట చెప్పొచ్చుగా."

"ఏ అమ్మాయి?"

"నాతోనే నాటకమా లెక్కలమ్మా? పసుపు స్వెటర్." ఖాళీ కుర్చీని గడ్డంతో చూపించాడు. "నువ్వే రమ్మన్నావంటగా. ఆరోజు పాపం అంత ఏడిపించాం, ఇవాళ చూడు ఎలా నవ్వుతోందో."

మిగతా ఇద్దరూ అటు చూసి నవ్వారు.

కుర్చీ కింద నీళ్లు మడుగు కట్టాయి. అందులోకి ఒక్కో చుక్కా రాలుతోంది... పైన ఏమీ లేదు. ఆమె కుర్చీ ముందుకి వెళ్లి నిలబడింది. చెప్పాల్సిన మాట అప్పటికి నోట్లోంచి ఊడిపడింది.

"ఇదంతా నాటకం... వాళ్లు నిన్ను చూశారు. నేనూ చూశాను. చెప్పకుండా పంపించేశాను. నాదే తప్పు."

చుక్క రాలింది. ఇంకో చుక్క.

"బావా... ఏమంటోంది?" అంది గుసగుసగా.

"ఏమీ అనట్లేదు. అసలు నీ వైపే చూడట్లేదు."

అంతలో అతను తల పక్కకి వంచాడు. ఎవరో చెవిలో చెబుతుంటే వింటున్నట్టు.

"సరే" అన్నాడు.

అంతే. అతని చూపు ఆమె మీంచి గోడ మీదికి జారిపోయింది.

"బావా."

బంతి మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

"చాలు బావా. ఆ పిల్ల చచ్చిపోయింది."

ఎవరూ తల తిప్పలేదు. బావ చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది. చెంప మీద కొట్టింది. చెంప ఎర్రబడింది, చూపు మాత్రం చెదరలేదు. ఆట అయ్యాక ముగ్గురూ లేచి, లైటార్పి, ఆమెని దాటుకుంటూ వెళ్లిపోయారు. మెట్ల మీద వాళ్ల నవ్వులు వినిపించాయి. వాటిలో ఒకటి ఆడగొంతు.

చీకట్లో తడబడుతూ అమ్మకి ఫోన్ చేసింది. అమ్మ వేరే ఊళ్లో ఒక్కతే ఉంటుంది. వెంటనే ఎత్తింది.

"హలో... ఎవరూ?"

"అమ్మా, నేనే."

"హలో? మాట్లాడరేం?"

"అమ్మా... నేనమ్మా... వినిపిస్తోందా?"

అమ్మ ఫోన్ కాస్త పక్కకి తీసినట్టుంది. "ఎవరోనే. ఉలుకూ పలుకూ లేదు" అంది, ఇంట్లో ఎవరితోనో.

ఆ పక్కనే ఒక ఆడపిల్ల నవ్వింది. అద్దం అవతల నుంచి విన్న గొంతే.

"పెట్టెయ్యమ్మా. ఎవరూ ఉండరు."

"అంతేలే" అంది అమ్మ ముద్దుగా. "నువ్వు కదలకే. జడ ఇంకా సగమే అయింది."