స్టార్ కట్టని ఇల్లు

ఆ రోజు పొద్దున్న శ్యాంబాబు చేసిన పనులు చూస్తే ఏ ఇల్లాలైనా మురిసిపోవాలి. దేవకుమారికి మాత్రం గుండెల్లో దడ పుట్టింది.

తాగిన టీ గ్లాసు కూడా తాగినచోటే వదిలేసి పోయే మనిషి అతను. అలాంటివాడు తెల్లారకముందే లేచి, పెరట్లో కారుతున్న కుళాయి బిగించాడు. ఎన్నాళ్ళనుంచో ఊగిపోతున్న వంటింటి తలుపుకి మేకులు కొట్టాడు. ఆమె కుట్టుమిషను విప్పి, దుమ్ము దులిపి, నూనె వేశాడు. తల్లి సువార్తమ్మ పడుకునే మంచానికి నవ్వారు బిగించి, "ఇంక కుంగదమ్మా. ఎన్నేళ్ళయినా నీకు ఢోకా లేదు" అన్నాడు.

బతిమాలినన్నాళ్ళూ చెయ్యని పనులన్నీ ఒక్క పూటలో ఎందుకు చేస్తున్నట్టు?

శ్యాంబాబు భీమవరం రోడ్డులోని రొయ్యల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసేవాడు. అమెరికా వాళ్ళు సుంకాలు పెంచాక ఆర్డర్లు పడిపోయాయి. దసరా వెళ్ళగానే గేటుకి తాళం పడింది. ఆ పేటలో సగం ఇళ్ళు దాని మీదే బతికేవి. అందుకే డిసెంబరు వచ్చిందంటే క్షణం తీరిక ఇవ్వని దేవకుమారి కుట్టుమిషను కూడా ఈసారి మూగపోయింది. పండక్కి కొత్తబట్టలు కుట్టించుకునేవాళ్ళేరీ?

"ఒరే శ్యామూ, ఇవాళ మన వీధికి క్యారల్స్ వస్తారంటరా. స్టార్ ఎప్పుడు కడతావు?" అంది సువార్తమ్మ.

"ఈ ఏడాది వద్దులే అమ్మా."

"వద్దేంటి? మీ నాన్న పోయిన ఏడాది తప్ప మన గుమ్మం ఎప్పుడన్నా చీకటిగా ఉందా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

ఆ పేటలో అదొక కట్టుబాటు. డిసెంబరు వస్తే ప్రతి ఇంటి ముందూ వెదురుబద్దల స్టార్ వెలగాలి. ఆ ఏడాది చావు జరిగిన ఇంటికి మాత్రం కట్టరు. ఇంటింటికీ వచ్చి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్ వాళ్ళు అలాంటి ఇంటి ముందు డ్రమ్ము ఆపేస్తారు, పాట పాడరు. పాస్టరు గారు ఓదార్పు ప్రార్థన చేసి ముందుకు సాగిపోతారు. పేట మొత్తంలో స్టార్ కట్టాలంటే శ్యాంబాబే కట్టాలని పేరు. ఈసారి అతని చెయ్యి వెదురు ముట్టనే లేదు.

"స్టార్ కడితే పాట పాడతారు. పాడినవాళ్ళని లోపలికి పిలవాలి. పిలిచి ఏం పెడతావమ్మా? నా మొహమా?" అని లేచిపోయాడు.

మధ్యాహ్నం భార్యను పిలిచి చేతిలో తన ఫోన్ పెట్టాడు. "దేవీ, ఇందులో కరెంటు బిల్లు ఎలా కట్టాలో నేర్చుకో."

"నాకెందుకండి? మీరున్నారుగా!"

"పిన్ నంబరు నీ పుట్టినరోజే. మర్చిపోకు" అన్నాడు, ఎటో చూస్తూ.

దేవకుమారి అప్పటినుంచి అతని నీడలా తిరిగింది. అతను పెరట్లోకి వెళితే పెరట్లోకి, వీధిలోకి వెళితే వీధిలోకి. పొద్దు గూకాక అతను స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. వసారాలో కూర్చున్న తల్లిని గదిలోంచే కాసేపు చూశాడు.

"ఎక్కడికండి?"

"ఊరికే, అలా కాలవగట్టు మీదకి."

"నేనూ వస్తాను."

"నువ్వెందుకు? అమ్మ ఒక్కతే ఉంటుంది."

దేవకుమారి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నా మొహం చూసి చెప్పండి. తిరిగొస్తారా?"

శ్యాంబాబు తలుపు వెనక చీకట్లోకి జరిగాడు. సరిగ్గా అప్పుడే వీధి మలుపులో డ్రమ్ము మోగింది. పాట దగ్గరికొచ్చింది. వాళ్ళ ఇంటి ముందుకి రాగానే ఎవరో చెప్పినట్టు ఒక్కసారిగా ఆగిపోయింది.

కొత్తగా నిడదవోలు నుంచి వచ్చిన పాస్టరు గారు ఆ జట్టుకి ముందు నడుస్తూ, చెయ్యెత్తి డ్రమ్ము ఆపించారు. ఆయనకి పేట కట్టుబాటు తెలుసు గానీ ఈ ఇల్లు తెలియదు, తెలిసిన పక్కింటివాళ్ళు వెనకబడ్డారు. ఆయన చూసింది స్టార్ లేని గుమ్మం, వసారాలో ఒంటరిగా ఒక ముసలమ్మ, తలుపు దగ్గర కళ్ళనిండా నీళ్ళతో ఒక ఆడమనిషి. తలుపు వెనక చీకట్లో ఉన్న మగమనిషిని ఆయన చూడలేదు. తల వంచి కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, ఈ ఇంటిని విడిచి వెళ్ళినవారిని నీ సన్నిధిలో చేర్చుకున్నావు. ఇక ఈ తల్లికి ఆసరాగా ఉండు. ఒంటరిదైన ఈ బిడ్డ కన్నీళ్ళు తుడువు..."

"ఆపండి అయ్యగారూ!" సువార్తమ్మ కేక వీధి చివరిదాకా వినిపించింది. "మా ఇంట్లో ఎవరు పోయారండీ? నా కొడుకు నిక్షేపంలా ఉన్నాడు!"

దేవకుమారి భర్త చొక్కా పట్టుకుని వెలుతురులోకి లాగింది. "విన్నారా? మీరు వెళ్ళిపోతే ఇదీ మాకు మిగిలేది. ఇలాగే వచ్చి, పాట ఆపేసి, మా మీద జాలిపడి పోతారు. నిజంగా ఈ ప్రార్థనే వినమంటారా నన్ను?"

శ్యాంబాబు గడప మీద కూలబడ్డాడు. "నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుందనుకున్నానమ్మా" అన్నాడు. చంటిపిల్లాడిలా ఏడ్చాడు. సువార్తమ్మ అతని తలని ఒళ్ళోకి లాక్కుంది. "నువ్వే బరువైతే నేనెందుకు కన్నానురా" అంటూ తనూ ఏడ్చింది.

వెనకనుంచి పక్కింటి బేబి ఆయాసపడుతూ వచ్చింది. "పెట్టడానికి లేదని స్టార్ కట్టలేదా వదినా? ఈసారి ఎవరింట్లో ఉన్నాయి కేకులు? మంచినీళ్ళు తాగే కదా సాయంత్రం నుంచీ పాడుతున్నాం! ఆ ముక్క మాతో అంటే పోయేదిగా."

పాస్టరు గారు చెప్పులు విడిచి అతని పక్కన నేలమీదే కూర్చున్నారు. "క్షమించండి బాబూ. రేపు పొద్దున్నే మీ దగ్గరికి వస్తాను. రోజూ వస్తాను. మీరు మాట్లాడినా, ఊరుకున్నా సరే. ముందు స్టార్ కట్టే వెదురు ఎక్కడుందో చెప్పండి."

వెదురుబద్దలు చీల్చారు. అంటించడానికి రంగుకాగితాలు లేవు. దేవకుమారి సంచిలో మిగిలిన జాకెట్టు ముక్కలన్నీ కుమ్మరించి మిషను తొక్కింది. పొద్దున్న అతను నూనె వేసిన మిషను గలగలా నడిచింది. శ్యాంబాబు దారం చుడుతుంటే పాస్టరు గారు బద్దలు పట్టుకున్నారు. ఒక కొమ్ము వంకరపోయింది. అయినా లోపల బల్బు వెలిగేసరికి ఎరుపూ పసుపూ పచ్చా కలిసిన వెలుగు వీధంతా పడింది. ఆగిన డ్రమ్ము మళ్ళీ మోగింది. సువార్తమ్మ అందరికీ నిమ్మకాయ నీళ్ళు పంచింది.

అందరూ స్టార్‌ని చూస్తున్నారు. దేవకుమారి మాత్రం భర్తనే చూస్తోంది. దగ్గరికి వెళ్ళి ఫోన్ అతని చొక్కా జేబులో పెట్టింది.

"కరెంటు బిల్లు మీరే కట్టండి. నాకు రాదు."

"మధ్యాహ్నం నేర్పాను కదే."

"మర్చిపోయాను" అంది ఆమె, కళ్ళు తుడుచుకోకుండానే. "ఎన్నిసార్లు నేర్పినా మర్చిపోతాను."