ట్యాంకరు దగ్గర చెప్పాల్సిన మాట

"ఆ మెడల్ నా చేత్తో ఇయ్యను. కావాలంటే నువ్వే ఇచ్చుకో అత్తా."

రెజీనా ఆ మాట అనేసరికి కొడుకు తెల్లచొక్కా ఇస్తిరీ చేస్తున్న రెబెక్కమ్మ చెయ్యి ఆగిపోయింది. బెన్హర్ మందు మానేసి ఆ శనివారానికి సరిగ్గా ఏడాది! కావలిలో తాగుడు మానుకున్నవాళ్ల మీటింగులో ఒక పద్ధతి ఉంది. ఏడాది నిలబడినవాడికి చిన్న ఇత్తడి మెడల్ ఇస్తారు. దాన్ని ఇంటిమనిషే అతని చేతిలో పెట్టాలి. రెబెక్కమ్మ అప్పటికే వీధంతా చెప్పుకుంది.

"మే రెజీనా, నా బిడ్డ మారినాడని అందరూ సంతోషపడతా ఉంటే నీకేందే కడుపుమంట?"

కడుపుమంటే! ఆ మంట ఎవరు పెట్టారో ఆ తల్లికి తెలియదూ...

పోయిన ఎండాకాలం, బిట్రగుంట రైల్వే కాలనీ వెనక వీధికి పొద్దున్నే నీళ్ల ట్యాంకరు వచ్చింది. రొయ్యల కంపెనీలో రాత్రంతా తలలు తీసే పని చేసి అప్పుడే వ్యాను దిగిన రెజీనా, కూతురు ఎవాంజెలిన్‌ను పక్కన పెట్టుకుని వరసలో నిలబడింది. తాగి ఊగుతూ వచ్చిన బెన్హర్ ఆమెకు కంపెనీ సూపర్‌వైజరుతో సంబంధం అంటగట్టాడు. అంతటితో ఆగాడా? పదకొండేళ్ల పిల్ల వైపు వేలు చూపించి, ఇది నా బిడ్డో కాదో దీని తల్లినే అడగండి అన్నాడు. వరసంతా విన్నది. ఎదురింటి ఆదిశేషమ్మ తన బిందెను రెజీనా బిందెకు తగలకుండా పక్కకు జరుపుకుంది! మర్నాటికి వాడు మరిచిపోయాడు. వీధి మరిచిపోలేదు. చర్చిలో స్త్రీల సమాజంవాళ్లు రెజీనాను ప్రార్థన చెయ్యమనడం మానేశారు. పిల్ల ట్యాంకరు దగ్గరికి రావడమే మానేసింది.

ఓర్చుకోమ్మా అని చెప్పనివాళ్లు లేరు. ఆమె ఓర్చుకోలేదు. నెలరోజుల తర్వాత కావలిలో ఒక మందులషాపు గోడ మీద చీటీ కనబడింది. తాగుడు మీ సమస్య అయితే ఫోను చెయ్యండి అని రాసి ఉంది. ఆ నంబరును అరచేతిలో రాసుకుంది. మొగుడి మీద ప్రేమతో అనుకునేరు! తాగినోడికి సిగ్గుండదు. చేసిందానికి వాడు సిగ్గుతో కాలిపోవాలంటే ముందు వాడికి తెలివి రావాలి. అందుకే మాన్పించింది. మొదటి నెలంతా చొక్కా పట్టుకుని కావలి మీటింగుకు రైలెక్కించింది. వణికితే దుప్పటి కప్పింది, వాంతులు ఎత్తిపోసింది. పగ ఎంత సేవ చేయిస్తుందో ఎవరికి తెలుసు...

శనివారం సాయంత్రం కావలిలో మీటింగు జరిగే బడిగదిలో ఇరవైమంది దాకా కూర్చున్నారు. ఆ రోజు ఇంటివాళ్లను కూడా రానిస్తారు. బెన్హర్ లేచి, నా పేరు బెన్హర్, నేను తాగుబోతుని అన్నాడు. ట్యాంకరు దగ్గర జరిగింది దాచకుండా చెప్పాడు, అదంతా అబద్ధమని ఏడ్చాడు. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. రెబెక్కమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. రెజీనా కంట్లో చుక్క లేదు.

మీటింగు నడిపే రిటైరైన రైల్వే గార్డు గిరిబాబు మెడల్ ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని గుప్పిట్లో మూసేసింది.

"అన్నా, ఈడ చెప్పింది బయటికి పోదంటగా?"

"పోదమ్మా. మా నియమం అది. ఇక్కడి మాట ఈ గడప దాటదు."

"నన్ను తిట్టింది గడప బయట. తప్పొప్పుకునేది తలుపులేసుకునా? ఈ ఇరవైమందీ నన్ను చూసి బిందె జరుపుకున్నోళ్లు కాదే."

గిరిబాబు బెన్హర్ వైపు తిరిగి, "ఎదుటోడి మాట బయట పెట్టొద్దనే మన నియమం అబ్బయ్యా. నీ మాట నీది. యాడికైనా మోసుకుపోవచ్చు," అన్నాడు.

సోమవారం పొద్దున ట్యాంకరు వచ్చింది. రెజీనా కూతురి చెయ్యి పట్టుకుని వరసలో నిలబడింది. అత్తను కూడా రమ్మంది, రానంటే బిందె చేతికిచ్చి తీసుకొచ్చింది. బెన్హర్ వచ్చాడు. ఈసారి తాగి కాదు. వెనక్కి తిరగబోయి పిల్ల ముఖం చూశాడు... ఆగాడు.

"పోయినేడు ఈడ నిలబడి నా పెళ్లాం మీద చెప్పింది అబద్ధం. తాగి పుట్టించినా. ఎవాంజెలిన్ నా బిడ్డ. తప్పు చేసినోణ్ణి నేను, నా పెళ్లాం కాదు."

రెబెక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ అబద్ధాన్ని చర్చి దాకా మోసింది ఆమే కదా! ఎవాంజెలిన్ తల్లి చెయ్యి వదిలి, తన చిన్న బిందెను నేల మీద పెట్టి నిలబడింది.

ఆదిశేషమ్మ తన బిందె పక్కకు లాగి, రెజీనాతో "నువ్వు ముందు పట్టుకోమ్మా," అంది.

"వద్దక్కా. నా వరస నాకుంది."

వరస వచ్చాకే పట్టుకుంది. నిండిన బిందె మొగుడి భుజానికెత్తి, తడిచేత్తో మెడల్ తీసి అతని జేబులో వేసింది.

"ఇది ఏడాది తాగనందుకు. నేనింకా క్షమించలా. శనివారం మీటింగు మానొద్దు."

బెన్హర్ తలూపి, బిందె తొణక్కుండా ఇంటివైపు నడిచాడు. ఎవాంజెలిన్ తన బిందెతో వరసలోనే ఉండిపోయింది.