స్తుతికి బదులు

ఆ ద్వీపంలో డిసెంబరు నెలలో మధ్యాహ్నం మూడు దాటితే చీకటి పడిపోతుంది. మన లెక్కన పిల్లలు ఇంకా బడిలో ఉండే వేళ. అక్కడ మాత్రం అప్పటికే వీధి దీపాలు వెలుగుతాయి, గొర్రెలు గోడవారకు చేరతాయి. స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న ఆ సముద్రం నల్లబడి, మంచం పట్టిన మనిషిలా మూలుగుతుంది.

జిన్సి ఆ వేళకే వృద్ధాశ్రమంలో నర్సు డ్యూటీ దిగి, రేవు పక్కన తాను అద్దెకున్న రాతి ఇంటికి వచ్చేది. ఆరువందల మంది ఉన్న ఆ ద్వీపంలో మలయాళీ ఆమె ఒక్కతే. మూడేళ్ళయింది. సీసాలో గడ్డకట్టిన కొబ్బరినూనెను హీటరు మీద పెట్టి కరిగించుకోవడం, ఎర్ర బియ్యం ఓడలో వచ్చేదాకా బంగాళాదుంపలతో సరిపెట్టుకోవడం అలవాటయ్యాయి. అలవాటు కానిది సాయంకాలం ఒక్కటే.

కేరళలో, ఆమె పుట్టిన కోట్టయం వైపు క్రైస్తవుల ఇళ్ళలో సందెవేళ అందరూ మోకరించి జపం చెప్పుకుంటారు. ఒకరు సగం చెబితే మిగతా సగం తక్కినవాళ్ళు అందుకుంటారు. అంతా అయ్యాక చిన్నవాళ్ళు పెద్దల ముందు చేతులు జోడించి "ఈశోకు స్తుతి కలుగుగాక" అనాలి; ఈశో అంటే యేసు. పెద్దలు "ఇప్పుడూ ఎప్పుడూ" అని బదులివ్వాలి. ఆ బదులు వచ్చాకే పిల్లలు లేవాలి. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నంత మామూలు సంగతి అది.

జిన్సి రెండు సగాలూ తానే చెప్పుకునేది. స్తుతి దగ్గరకొచ్చేసరికి నోరు మూసుకునేది. చెప్పడానికి ఎవరున్నారు? పైగా చిన్నప్పుడు ఇలాగే ఒకసారి ఖాళీ గదిలో అంటే నాయనమ్మ చెవి మెలిపెట్టింది. నాయనమ్మను వాళ్ళు అమ్మచ్చి అంటారు.

"ఎవరూ లేనిచోట స్తుతి చెప్పకే పిల్లా! ఎవరు బదులిస్తే వాళ్ళే నీకు పెద్ద అయి కూర్చుంటారు. పెద్దవాళ్ళు వెళ్ళమనందే గడప దాటకూడదు, తెలుసుగా!"

ఆ సోమవారం అన్న సిబి ఫోన్ చేశాడు.

"జిన్సీ, అమ్మకు ఇక లాభం లేదే. డాక్టరు నాలుగు రోజులన్నాడు. నీ కోసమే ఊపిరి బిగబట్టుకుని ఉంది. కళ్ళు గుమ్మం మీదే."

"వస్తున్నానన్నా. నేను వచ్చేదాకా ఉండమను. చివరి నీళ్ళ చుక్క నేనే పోస్తానని చెప్పు."

"చెప్పాను. 'అది బడి బస్సుకే ఏనాడూ టైముకి రాలేదు, చావుకొస్తుందా' అని నవ్వింది."

ఇంటికి చేరాలంటే రెండు రోజుల ప్రయాణం. ముందు ద్వీపం దాటాలి. దాటించే ఓడ ఒక్కటే. తుఫానుకి దాన్ని రేవులో కట్టేశారు.

"ఈ గాలికి గొర్రెలే ఎగిరిపోతున్నాయి, ఓడ ఎలా కదులుతుందే తల్లీ?" అంది తోటి నర్సు ఎల్స్‌పెత్. "వదిలిన రోజు నా వ్యానులో నేనే దిగబెడతా. ఏడవకు, ఈ చలికి ముక్కు గడ్డకడుతుంది."

ఆ సాయంకాలం జపం సగంలోనే జిన్సికి వెక్కిళ్ళు వచ్చాయి. ఎదురుగా కిటికీ పక్కన పాత మెత్తకుర్చీ. అది ఇంటితో పాటు వచ్చింది. దాని వీపు మీద అమ్మ ఇచ్చిన తెల్ల కండువా వేసి ఉంది. జపం ముగిసింది. తానేం చేస్తున్నదీ తెలియకుండానే ఆ కుర్చీ వైపు తిరిగి చేతులు జోడించింది.

"ఈశోకు స్తుతి కలుగుగాక, అమ్మా."

గాలి హోరు ఒక్క క్షణం ఆగింది.

"ఇప్పుడూ... ఎప్పుడూ..."

ముసలి గొంతు. అచ్చమైన మలయాళం.

జిన్సికి ముందు భయం వెయ్యలేదు. మూడేళ్ళుగా ఆ మాట కోసం మొహం వాచి ఉంది. ఒళ్ళంతా వెచ్చబడింది. ఆ తర్వాతే గుండె జారింది. అమ్మ పోయిందా? పోయి, ఇక్కడికి వచ్చిందా? వెంటనే అన్నకు ఫోన్ చేసింది.

"కంగారు పడకే. ఇప్పుడే రెండు చెంచాల గంజి తాగింది. మెలకువగానే ఉంది, మాట్లాడతావా?"

అమ్మ బతికే ఉంది.

మరి బదులిచ్చింది ఎవరు?

కుర్చీ వైపు నుంచి వాసన వచ్చింది. ఆరిన ఒత్తి పొగ. తవ్విన తడిమట్టి. అమ్మచ్చి మాట గుర్తొచ్చి జిన్సి కోటు కూడా తీసుకోకుండా బయటపడింది. ఆ రెండు రోజులూ ఆశ్రమంలోనే పడుకుంది, జపం ఊసెత్తలేదు.

బుధవారం గాలి తగ్గింది.

"నాలుగున్నరకు ఓడ వదులుతున్నారు!" అని ఎల్స్‌పెత్ పరుగెత్తుకొచ్చింది. "సామాను తెచ్చుకో. నాలుగింటికి మీ గుమ్మం ముందు హారన్ కొడతా."

పాస్‌పోర్టు ఇంట్లో ఉండిపోయింది. వెళ్ళక తప్పదు.

ఇంట్లో మాత్రం కరెంటు లేదు. కిటికీలోంచి వీధి దీపం వెలుగు కొంచెం పడుతోంది. జిన్సి కుర్చీ వైపు చూడకుండా సొరుగులోంచి పాస్‌పోర్టు తీసుకుంది. సంచి భుజానికి తగిలించుకుంది. తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

"జపం చెప్పకుండానే... వెళ్తావా, మోళే?"

మోళే. కూతురా అని. ఆ ద్వీపంలో ఆ మాట తెలిసిన మనిషి మరొకరు లేరు.

గడియ తీస్తే చాలు. వేళ్ళు వంగలేదు.

"అమ్మ దగ్గరికి వెళ్ళాలి," అంది జిన్సి గుసగుసగా. "నన్ను పోనివ్వండి."

"అడిగే పద్ధతి... అది కాదుగా."

మోకాళ్ళు వాటంతటవే నేలకు ఆనాయి. జపం మొదలుపెట్టింది. తొందరగా, మాట మీద మాట పడేలా. ఆమె సగం చెప్పగానే మిగతా సగం వెనక నుంచి వచ్చింది. ఒక గొంతు కాదు. మెట్ల మీద నుంచి... వంటింట్లోంచి... నేల కింద నుంచి. ఆమె ఎంత తొందరపడితే వాళ్ళు అంత సాగదీశారు. ఒక్కొక్క మాట. ఒక్కొక్క అక్షరం.

బయట హారన్ మోగింది. మళ్ళీ మోగింది. ఆగకుండా మోగింది.

ఆగిపోయింది. వ్యాను వెళ్ళిపోయిన చప్పుడు.

జపం ముగిసింది. జిన్సి కుర్చీ వైపు తిరిగి చేతులు జోడించింది.

"ఈశోకు స్తుతి కలుగుగాక."

బదులు రాలేదు. లేవబోతే మోకాళ్ళు నేలను వదల్లేదు.

రేవులో ఓడ కూసింది. ఒకటి.

"స్తుతి కలుగుగాక..."

రెండు.

"మీ కాళ్ళు పట్టుకుంటాను, బదులివ్వండి... మా అమ్మ ఎదురుచూస్తోంది... ఒక్కసారి... ఒక్క మాట..."

మూడు.

ఇంజను చప్పుడు నీళ్ళ మీద మెల్లమెల్లగా దూరమైపోయింది. అప్పుడు ఆమె మోకాళ్ళకు కదలిక వచ్చింది.

ఫోన్ మోగింది. ఎల్స్‌పెత్.

"రానని ముందే చెప్పొచ్చుగా మహాతల్లీ! ఈ చలిలో పావుగంట హారన్ కొట్టా. కిటికీలోంచి మీ ముసలావిడ 'రాదు, పో' అని చెయ్యి ఊపాక గానీ తెలియలేదు. ఆవిడ ఎప్పుడొచ్చింది?"

జిన్సి జవాబు చెప్పేలోపే ఇంకో ఫోన్. అన్న ఏడుస్తున్నాడు.

"అమ్మ పోయిందే. ఇప్పుడే. నీళ్ళ చుక్క నేనే పోశాను. చివర్లో గుమ్మం వైపు చూసి 'ఇప్పుడూ ఎప్పుడూ' అంది, ఎవరో స్తుతి చెబితే బదులిచ్చినట్టు. మొహమంతా నవ్వే. 'చూశారా, జిన్సి టైముకే వచ్చింది' అంది."

జిన్సి ఫోన్‌ను చెవికి అదుముకుంది.

"తర్వాత ఇంకో మాటంది. అదే మాకు అర్థం కాలేదు."

"ఏమంది?"

"'దాని వెనక నిలబడ్డ ముసలావిడకు కుర్చీ వెయ్యండి, చాలా దూరం నుంచి వచ్చింది' అంది."

"వేశారా అన్నా?"

"పోయే మనిషి అడిగితే కాదంటామా? వేశాం."

జిన్సి మెల్లగా తల తిప్పి కిటికీ వైపు చూసింది. కుర్చీ ఖాళీగానే ఉంది. మెత్త మీద, ఎవరో చాలాసేపు కూర్చున్నంత లోతు గుంట. అది ఆమె చూస్తుండగానే... నెమ్మదిగా... పైకి పొంగుతోంది.

కుర్చీ వీపు మీద అమ్మ ఇచ్చిన తెల్ల కండువా లేదు.