డ్రమ్ములో గాలి

బడి నుంచి రాగానే మారెమ్మ పేడగంప నెత్తికెత్తుకుంది. కొట్టంలో ఎత్తిన పేడను పక్కింటి కాశప్ప గుంతలో వేసి రావడం ఆమె పని. కానీ కొన్నాళ్లుగా గంప ఆ గుంతదాకా పోవడం లేదు. దారిలోనే, కంపచెట్ల వెనక ఖాళీ అయిపోతోంది.

మారెమ్మకు ఆ గుంత మీద అనుమానం. కాశప్ప ఎమ్మిగనూరు నుంచి పెద్ద ఇనుప డ్రమ్ము తెచ్చి, గుంతలోని పేడనీళ్లలో బోర్లించాడు. ఎవరూ ముట్టుకోకుండానే అది పైకి లేస్తుంది. చెవి పెడితే లోపల గుడగుడమంటుంది. ఏముందని అడిగితే కాశప్ప నవ్వాడు.

"గాలిని పట్టి పెట్టినాను పాపా."

గాలి! పోయిన ఏడు మిట్టమధ్యాహ్నం ఆడుకుని జ్వరం తెచ్చుకుంటే, గాలి సోకిందని అవ్వ మారెమ్మకు తాయెత్తు కట్టించింది. ఆ గాలినేనా ఈయన పట్టుకొచ్చి మూతేసింది? పైగా డ్రమ్ము నుంచి వంటింట్లోకి గొట్టం వేశాడు. కట్టె లేకుండా నీలం మంట వస్తుందట. దయ్యం కాక మరేమిటి? తిండి పెట్టకపోతే అదే పోతుందని మారెమ్మ తీర్మానించింది.

అన్నట్టే డ్రమ్ము కిందికి దిగిపోయింది. మారెమ్మకు భలే సంతోషమేసింది. అంతలో కాశప్ప ఇంట్లోంచి పొగ, దాని వెంటే దగ్గు వచ్చాయి. తొంగిచూస్తే కాశప్ప భార్య దేవక్క పొయ్యి ఊదుతోంది. ఆమె కళ్లు ఎర్రగా వాచి, ధారగా కారుతున్నాయి.

"పొగ తగిలితే సూపు పోతాదని ఆదోని డాక్టరు సెప్పినాడు. అందుకే మీ మామ ఇదంతా సేసినాడు. పేడ మాగితే గాలి పుడ్తాది, అది మండుతాది. ఇప్పుడేమో పేడ సాలక గాలి రాల్యా," అంది దేవక్క.

"అది మనుషులకు సోకే గాలి కాదా అత్తా?"

దేవక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాకు సోకింది ఈ పొగే గదమ్మా."

మారెమ్మకు ఏడుపొచ్చింది. కంపచెట్ల దగ్గరికి పరుగెత్తి, ముళ్లు గుచ్చుకుంటున్నా పారబోసిన పేడంతా గంపకెత్తింది. అది చూసి కాశప్ప ఎక్కడిదని అడిగాడు. ఆమె దాచకుండా చెప్పేసింది. కాశప్ప ఒక బిందె నీళ్లు తెచ్చి, పేడలో పోసి కలపమని గుంత పక్కన పెట్టాడు.

డ్రమ్ము లోపల గుడగుడమంది. మారెమ్మకు ఇంకా కొంచెం భయమే. తాయెత్తు ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుని, రెండు చేతులూ పేడనీళ్లలో పెట్టి కలపడం మొదలుపెట్టింది.