ఉత్తరపు కొస దీపాలు

మా దీవి ఉత్తరపు కొసకి పొద్దుగూకాక ఎవరూ పోరు. కుక్కలు కూడా ఆ దిక్కు చూసి తోక ముడుస్తాయి. అక్కడ సమాధులున్నాయి, వాటి వెనకే సముద్రం. అమావాస్య దగ్గరపడితే చాలు, రాళ్ల మధ్య దీపాలు కదులుతాయి. రాయి మీద రాయి పడ్డ చప్పుడు... ఆ తర్వాత ఎవరో ఆడమనిషి మూలుగు. కళ్లారా చూశామనేవాళ్లు చాలామందే ఉన్నారు. గట్టిగా నిలదీస్తే మాత్రం పొగాకు చుట్టుకుంటూ మాట మార్చేస్తారు.

ఇదేదీ కొరీన్‌కి ముందు తెలియదు. అమెరికాలో మొక్కజొన్న చేల మధ్య పెరిగిన పిల్ల. ఒక దీవి ఉంది, బడి ఉంది, టీచరు లేరు, ఏడాది సేవ చెయ్యాలి అని వాళ్ల చర్చిలో అడిగితే ఎగిరి గంతేసి వచ్చింది. తెరాయి అనే వితంతువు ఇంట్లో బస. తెరాయి ఆమెకి చేప కాల్చిపెట్టేది, తీపి కల్లు దాచిపెట్టేది, సొంత కూతుర్ని చూసుకున్నట్టే చూసుకునేది. బడిలో మొదట గదినిండా పిల్లలు. కొరీన్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

కానీ పడవ వచ్చి వెళ్లినప్పుడల్లా బడిలో కొందరు తగ్గేవాళ్లు. ఎందుకని అడిగితే తల్లులంతా తలొంచుకుని ఒకే మాట చెప్పేవాళ్లు. బడి ఉత్తరపు కొసకి దగ్గరట, పిల్లలు రాత్రుళ్లు జడుసుకుంటున్నారట, అందుకని పెద్ద దీవిలో అమ్మమ్మల దగ్గరికి పంపేశారట. మా వాళ్లకి అబద్ధం చెప్పడం చేతకాదంటారు. నిజమే, ఒక్కరికి చేతకాదు, అందరూ కలిస్తే బాగానే చెబుతారు.

పిల్లలు ఇంకా తగ్గితే బడి ఎత్తేస్తామని చర్చి పెద్దలు రేడియోలో కబురు చేశారు. ఆ రోజు కొరీన్ అన్నం ముట్టలేదు. ఈ బడి నిలబడకపోతే తను వచ్చి చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. కొస మీద దెయ్యం లేదని తేల్చేస్తే పిల్లలు తిరిగొస్తారని ఆమెకి తోచింది. తనే వెళ్లి చూసొస్తానని అందరి ముందూ అనేసింది.

"దెయ్యానికి ఇంగ్లీషు రాదు టీచరమ్మా, వెళ్లి ఏం మాట్లాడతావు?" అన్నాడు కల్లుగీసే బౌరో. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

తెరాయి ఒక్కతే నవ్వలేదు. రాత్రి పక్క దులుపుతూ మెల్లగా అంది: "వద్దమ్మాయ్... అక్కడున్నవాళ్లు ఎవరి జోలికీ రారు. నువ్వూ వాళ్ల జోలికి పోకు."

కొరీన్ వినలేదు. నడిరాత్రి లేచి, తెరాయి నిద్ర చెడగొట్టకూడదని చీకట్లోనే మెట్లు దిగింది. టార్చి చేతిలో ఉంది గాని వెయ్యలేదు.

ఆటు సమయం. సముద్రం ఎక్కడో దూరంగా గురక పెడుతోంది. బడి దాటింది. అక్కణ్ణుంచి కొబ్బరిచెట్లకి మట్టలు లేవు, ఉత్త మొండాలు నిలబడి ఉన్నాయి. కాలి కింద పీతలు పరుగెత్తాయి...

ఠక్.

ఆగింది. మళ్లీ — ఠక్.

రాళ్ల మధ్య దీపం కదిలింది. ఒకటి కాదు, నాలుగైదు. ఆ వెలుతురులో వంగిన ఆకారాలు... విరబోసుకున్న జుట్టు... ఒకటి గోతిలోంచి గుండ్రటిదేదో పైకి తీసింది. తెల్లగా ఉంది. ఇంకొకటి దాన్ని అందుకుని ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు వినిపించింది ఆ మూలుగు — సన్నగా, ఆగి ఆగి...

కొరీన్ ప్రార్థన మొదలెట్టింది. సగంలో మరిచిపోయింది. వేలు దానంతటదే టార్చి మీట నొక్కేసింది.

తెరాయి.

ఒళ్లో చిన్న పుర్రె. దానికి కొబ్బరినూనె రాస్తోంది, పసిపిల్లకి తలంటినట్టు నెమ్మదిగా. మూలుగనుకున్నది జోలపాట. వెనక బౌరో ఉన్నాడు, బడిపిల్లల తల్లులందరూ ఉన్నారు. సగం సమాధుల్ని సముద్రం ఎప్పుడో తవ్వేసింది. గోతుల్లో నురగ మిగిలి ఉంది.

"దీపం ఆర్పమ్మా," అంది తెరాయి. "కళ్లలో పడుతోంది."

ఆ తర్వాత ఒక్కొక్కరే చెప్పారు. బావులు ఉప్పెక్కాయి, దుంపల మడులు కుళ్లిపోయాయి, పిల్లలకి కడుపులు చెడుతున్నాయి. దీవి వదిలెయ్యాలని కొరీన్ రాకముందే దీవి పెద్దలు అనుకున్నారు. పడవ వచ్చినప్పుడల్లా కొందరు పోతున్నారు, పోతూ తమ చచ్చినవాళ్లని కూడా తీసుకుపోతున్నారు. తవ్వడం పిల్లల కంట పడకూడదని దెయ్యం కథ అల్లారు. తర్వాత అదే కథ ఆమెకీ చెప్పారు.

"నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"ఎలా చెప్పేది? పడవ దిగిన మర్నాడే బడి గోడలకి సున్నం కొట్టడం మొదలెట్టావు."

కొరీన్ గడ్డిపోచ పట్టుకున్నట్టు అడిగింది: "మిగిలిన పిల్లలున్నారుగా... వాళ్లు ఉంటానంటే వాళ్లతోనే నడుపుతాను."

తల్లులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తెరాయి పుర్రెని మొగలాకు చాపలో చుట్టి, ముడి వేసి, అప్పుడు గుసగుసగా అంది:

"వాళ్లూ మొన్నటి పడవకే పోవాల్సిందమ్మా... మేమే ఆపాం. నీ ఏడాది అయ్యేదాకా పాఠం చెప్పుకోడానికి నీకెవరో ఒకరు ఉండాలిగా."

తెల్లారింది. కొరీన్ బడి గంట కొట్టలేదు. అయినా పిల్లలు తలలు దువ్వుకుని వచ్చి వరసగా కూర్చున్నారు. మోడు చెట్ల చాటున తల్లులు నిలబడి తెరాయి ఇంటి వైపే చూస్తున్నారు, టీచరమ్మ లేచి వస్తుందా రాదా అని.