ఒకేసారి ఎంతమంది?

“గట్టు తడిసి ఉంటుందే. స్కూటీ జారి చెరువులో పడితే నిన్నెవరు తీస్తారు?” అన్నాను.

“నువ్వే తీద్దువుగాని, వెనకాల కూర్చో,” అంది మా పద్మప్రియ. అలా నేనూ బయలుదేరాను.

మా అమ్మాయి ఏలూరులో చేపలు ఎగుమతి చేసే కంపెనీలో కంప్యూటర్ల పని చూస్తుంది. గుండుగొలను వైపు చెరువుల దగ్గర గుమాస్తాలు తూకం ట్యాబ్‌లో కొడితే ఆఫీసులో బిల్లు వస్తుంది. ఆ లెక్కలు బయటివాళ్ళ కంట పడకుండా వెళ్ళే దారి పేరు వీపీఎన్. ఒకసారి అది ఆగి లారీలు నిలిచిపోయాయి. మళ్ళీ ఆగితే వేరే మనిషిని చూసుకుంటానని యజమాని తేల్చేశాడు. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఆ దారి నడిపే కొత్త పెట్టె అమ్మడానికి తాడేపల్లిగూడెం నుంచి సాయితేజ అనే కుర్రాడు వచ్చాడు. మొదటిరోజే గొడవట.

“వందమందికి సరిపోతుందని అట్ట మీదే ఉందండీ. మీరు ముప్ఫైమందేగా?”

“ఆ వందా ఆఫీసులో కూర్చుని నెట్ వాడేవాళ్ళు. బయటి నుంచి వీపీఎన్‌లోకి ఒకేసారి ఎంతమంది?”

“పదిమందండీ. అయినా అందరూ ఒకేసారి ఎందుకొస్తారు?”

“మీరెప్పుడైనా చేపల పట్టుబడి చూశారా?”

“పులుసులో చూశానండీ.”

“అయితే ఒక్కరోజు పరీక్షకి పెట్టె బిగించి, రేపు తెల్లారేసరికి గట్టు మీదుండండి.”

వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో, వానలో. ఎండెక్కితే చేప పాడవుతుంది కనుక అన్ని చెరువుల్లోనూ ఒకే వేళకి వలలు లాగారు. కాసేపటికే గుమాస్తా సత్యానందం కేకేశాడు.

“అమ్మాయిగారూ, నా ట్యాబ్ తిరుగుతూనే ఉందండీ, తూకం ఎక్కట్లేదు!”

ఆ వెంటనే పక్క చెరువు నుంచి, ఆ పక్క చెరువు నుంచి ఫోన్లు. లారీల్లో ఐసు కరుగుతోంది. అయిపోయింది, ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

“లైసెన్సులు కొంటే పాతిక దాకా పెంచొచ్చండీ,” అన్నాడు సాయితేజ నెమ్మదిగా.

“పెంచితే ఈ పెట్టె మోస్తుందా? నిజం చెప్పండి.”

“మోయలేదండీ. నత్తలా నడుస్తుంది.”

పద్మప్రియ కొంగు... అదే, చున్నీ నడుముకి చుట్టింది. “తూకం కొట్టినవాళ్ళు వెంటనే బయటికొచ్చేయండి! తరవాతివాళ్ళు ఎక్కండి!” అని ఫోన్లో ఒక్కొక్కరినీ దించి ఒక్కొక్కరినీ ఎక్కించింది. అతను బురదలో చెప్పులు వదిలేసి, ఫోనెత్తని గుమాస్తాల దగ్గరకి గట్టంతా పరుగెత్తాడు. ఆఖరి లారీ కదిలేసరికి ఇద్దరూ మోకాళ్ళ దాకా బురదే. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

అప్పుడతను నా ముందే మేనేజరుకి ఫోన్ చేశాడు. “ఈ పెట్టె వీళ్ళకి పనికిరాదండీ. యాభైమందిని ఒకేసారి మోసేది పంపండి. తప్పు నాదేనండీ.”

“ఇది వాపసిస్తే మీ టార్గెట్ పోతుందేమో?” అంది మా పిల్ల.

“పోనివ్వండి.” నా వైపోసారి చూసి, మళ్ళీ దాని వైపు తిరిగాడు. “మా అమ్మానాన్నల్ని మీ ఇంటికి పంపనాండీ?”

మా పిల్ల నడుముకి చుట్టిన చున్నీ విప్పి నీళ్ళు పిండింది. వాన ఆగింది. ఔనంటుందేమోనని ఒక భయం, కాదంటుందేమోనని ఇంకో భయం నాకు. అతను బురద కాళ్ళ వైపే చూస్తున్నాడు.

“ఆదివారం పంపండి,” అంది చివరికి. “పెట్టె మాత్రం రేపే రావాలి.”